పాత బాకీలున్నవాళ్ళకి ఉచిత క్రెడిట్ రిపోర్టు, ఎఫ్‌డీ కార్డు: రెండూ వాడాక రాస్తున్న రివ్యూ

ముందే తేల్చి చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఈ పేరా చదివి ఆపేయొచ్చు. ఏడాదికోసారి ఉచితంగా వచ్చే క్రెడిట్ రిపోర్టుకి ఐదుకి నాలుగున్నర. ఎఫ్‌డీ మీద ఇచ్చే క్రెడిట్ కార్డుకి నాలుగు. "సిబిల్ స్కోరు పెంచబడును, రైటాఫ్ తీసివేయబడును" అని బోర్డులు కట్టుకుని కూర్చున్న ఆఫీసులకి సున్నా. పాత బాకీలు తెగక, కొత్త లోను పుట్టక, మధ్యలో ఎవరికో పదివేలు ఇరవైవేలు సమర్పించుకుంటున్నవాళ్ళు మన గోదావరి జిల్లాల్లో చాలామంది కనిపిస్తున్నారు, వాళ్ళకోసమే ఇంత పొడుగు రాస్తున్నాను.

మాది పాలకొల్లు. మా తమ్ముడు వీరవాసరం వైపు చెరువులు కౌలుకి తీసుకుని వనామీ రొయ్య వేసేవాడు. కౌలు రైతుకి బ్యాంకులో అప్పు పుట్టడం ఎంత కష్టమో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు, జీతం వచ్చేది నాకు కాబట్టి పర్సనల్ లోన్ నా పేరు మీద తీసుకున్నాం, మేతకీ మందులకీ నా క్రెడిట్ కార్డే గీకాం. తెల్లమచ్చ తెగులు వచ్చి వరసగా రెండు పంటలు పోయాయి. మిగిలిన నాలుగు డబ్బులు ఎవరికి కట్టాలి అన్నప్పుడు ఇక్కడ ఎవరైనా ఏం చేస్తారో మేమూ అదే చేశాం. చెరువు ఆసామికి కౌలు, మేత షాపు బాకీ, నోటు రాసి తెచ్చిన అప్పు, ఇవి ముందు. మళ్ళీ చెరువులో పిల్ల వదలాలంటే మేత అరువు ఇచ్చేది షాపాయనే గానీ బ్యాంకు కాదు కదా. అలా చేయడం తప్పని నేను ఇప్పటికీ అనను.

కానీ క్రెడిట్ రిపోర్టుకి మేత షాపు తెలీదు. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పైసాతో సహా తీర్చేసిన ప్రామిసరీ నోటు తెలీదు. దానికి తెలిసిందల్లా బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ పంపే లెక్క ఒక్కటే. అందుకే ఊళ్ళో మాట పోకుండా అందరికీ కట్టినవాడికి స్కోరు అట్టడుగున ఉంటుంది, పదిమందికి ఎగ్గొట్టి బైకు ఈఎంఐ మాత్రం టైముకి కట్టినవాడికి 760 ఉంటుంది. ఇది న్యాయమా అంటే కాదు. అయినా లోన్ ఆఫీసరు చూసేది ఆ కాగితాన్నే కాబట్టి, ఆ కాగితంలో ఏముందో ముందు మనం చూసుకోవాలి.

మన అప్పుల లెక్కలు దాచి స్కోరు వేసే కంపెనీలు, అంటే క్రెడిట్ బ్యూరోలు, దేశంలో నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. మనం అన్నిటినీ కలిపి సిబిల్ అనేస్తాం గానీ నాలుగూ వేరు వేరు కంపెనీలు, నాలుగింట్లోనూ మన ఫైలు ఉంటుంది. ఆర్‌బీఐ నియమం ప్రకారం ఒక్కో బ్యూరో ఏడాదికి ఒకసారి స్కోరుతో సహా పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ తీయండి. ఒకదాంట్లో సరిగ్గా ఉన్న లోన్ ఇంకోదాంట్లో తప్పుగా ఉండొచ్చు, నాకు అదే అయింది. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. నాలుగు బ్యాంకుల్లో లోనుకి అప్లై చేస్తే ఆ ఎంక్వైరీల వల్ల తగ్గుతుంది. ఈ రెండూ కలిపేసుకుని భయపడి రిపోర్టు తెరవనివాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు.

అర మార్కు ఎందుకు కోశానంటే, బ్యూరోల సైట్లలోకి వెళ్తే డబ్బు కట్టే ప్లాన్లు పెద్దగా కనిపిస్తాయి, ఉచిత రిపోర్టు లింకు వెతుక్కోవాలి. ఇంకోటి, ఓటీపీ. పదేళ్ళ కిందట లోన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన సిమ్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో తెలీదు, ఓటీపీ అక్కడికి పోతుంది. అలాంటప్పుడు ఐడీ ప్రూఫులు జతచేసి కొత్త నంబరు ఎక్కించమని బ్యూరోకి రాసుకోవాలి. కాస్త తిరుగుడే గానీ పని అవుతుంది.

రిపోర్టు చేతికొచ్చాక అందరూ మొదటి పేజీలో 300 నుంచి 900 మధ్య ఉండే ఆ నంబరు చూసి గుండె పట్టుకుంటారు. అది వదిలేసి కిందికి రండి. ఒక్కో లోనుకి ఒక్కో పట్టిక ఉంటుంది, నెలకో గడి, వెనక్కి 36 నెలల వరకు. గడిలో 000 అని ఉంటే ఆ నెల బాకీ లేదని, 030 అంటే ముప్పై రోజులు ఆలస్యమని, 090 దాటితే ఎన్‌పీఏలోకి, అంటే మొండి బాకీల్లోకి జారినట్టని, ఎక్స్ అక్షరం మూడుసార్లు ఉంటే ఆ నెల సమాచారం రాలేదని. నా పర్సనల్ లోన్ పట్టికలో 030, 061, 091 అని అంకెలు మెట్లు ఎక్కినట్టు పైకి పోయాయి, ఏ నెలలో పంట పోయిందో ఆ గడుల్లోనే కనిపిస్తుంది. పట్టిక పైన ఇంకో లైను ఉంటుంది, అసలు చూడాల్సింది అదే: రిటన్ ఆఫ్ అనో, సెటిల్డ్ (కొంత కట్టించుకుని మిగతాది వదిలేశారు) అనో, క్లోజ్డ్ (పూర్తిగా తీరిపోయింది) అనో. రైటాఫ్ అంటే బాకీ మాఫీ అయిందని చాలామంది అనుకుంటారు. కాదు. బ్యాంకు తన పుస్తకాల్లో సర్దుకుంది అంతే, మన బాకీ మన మీదే ఉంది, వసూలు చేసుకునే హక్కు దానికి ఉంది.

నా రిపోర్టుల్లో ఒకదాంట్లో, ఎప్పుడో తీరిపోయిన బైకు లోను ఇంకా నడుస్తున్నట్టు, పైగా బాకీ ఉన్నట్టు ఉంది. మన వైపు ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే ఇంటిపేరు, ఒకే తాత పేరు పెట్టుకున్న అన్నదమ్ముల పిల్లలు ఒకే వీధిలో ఉంటారు, ఒకచోట ఇంటిపేరు పొడుగ్గా, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉంటుంది, ఒకడి లోను ఇంకొకడి ఫైల్లోకి దూరుతుంది. కాబట్టి ప్రతి లోను కిందా ఇది మనదేనా అని చూసుకోండి. మీరు గ్యారంటీ సంతకం పెట్టినవి కూడా అక్కడే ఉంటాయి.

తప్పుంటే బ్యూరో సైట్లోనే డిస్ప్యూట్ పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు. బ్యూరో తనంతట తాను ఏదీ మార్చదు, అప్పిచ్చిన సంస్థని అడుగుతుంది, వాళ్ళు ఔనంటేనే మారుస్తుంది. మొత్తం 30 రోజుల్లో తేలాలి. తేలకపోతే ఆ పైన రోజుకి 100 రూపాయల చొప్పున మనకి పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ 2023లో చెప్పింది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. నా బైకు లోనుకి మొదట వచ్చిన జవాబు "సమాచారం సరైనదేనని సంస్థ ధ్రువీకరించింది" అని. మండిపోయింది. ఇంట్లో ఆర్‌సీతోపాటు దాచిన ఎన్‌ఓసీ, అంటే లోను తీరిపోయిందని కంపెనీ ఇచ్చిన కాగితం తీసి, చివరి ఈఎంఐ పోయిన బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి ఈసారి బ్యూరోకి కాకుండా ఆ ఫైనాన్స్ కంపెనీ నోడల్ ఆఫీసరుకి (ఫిర్యాదులు చూసే ఆయనకి) మెయిల్ పెట్టాను, ముప్పై రోజుల్లో సరిచేయకపోతే ఫిర్యాదులు విని తేల్చే ఆర్‌బీఐ ఓంబుడ్స్‌మన్‌కి వెళ్తానని కూడా రాశాను. క్లోజ్డ్ అని మారింది. స్కోరులో మొదటి కదలిక అక్కడే వచ్చింది. ఓంబుడ్స్‌మన్‌కి కూడా ఫీజు లేదు, ఆర్‌బీఐ ఫిర్యాదుల సైటు సీఎంఎస్ పోర్టల్‌లో పెట్టొచ్చు, 14448కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. 2022 సెప్టెంబరు నుంచి బ్యూరోల మీద ఫిర్యాదులు కూడా తీసుకుంటున్నారు. ముందు మనం సంస్థకి రాసి ఉండాలి, అది తిరస్కరించో, ముప్పై రోజులు జవాబివ్వకో ఉండాలి.

ఇక సున్నా ఇచ్చినవాళ్ళ సంగతి. మా వీధిలో ఒక బాబాయ్ గారికి ట్రాక్టరు లోను రైటాఫ్‌లో ఉంది. పక్క టౌన్లో ఒక ఆఫీసుకి వెళ్తూ నన్ను తోడు రమ్మన్నారు. కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "బాబాయ్ గారూ, పదిహేను వేలు అవుద్దండి, సగం ఇప్పుడు, సగం పనయ్యాక. నలభై ఐదు రోజుల్లో 750 చూపిస్తాను." ఎలా చేస్తావు బాబూ అని నేనడిగితే, "అది మా లింకులండి, మీరు ఫోన్‌కొచ్చే ఓటీపీ ఒక్కటి చెప్పండి చాలు" అన్నాడు. లింకులేమీ లేవు. వాళ్ళు చేసేది మన లాగిన్‌తో ఉన్న లోన్లన్నిటి మీదా డిస్ప్యూట్లు వేయడం, అది మనం ఉచితంగా చేసుకోగలిగిన పనే. నిజంగా ఉన్న బాకీని సంస్థ "ఉంది" అంటుంది, ఎంట్రీ అక్కడే ఉంటుంది. బాబాయ్ గారు నా మాట వినకుండా సగం కట్టారు. ఆ ఎంట్రీ ఇవాళ్టికీ రైటాఫ్‌లోనే ఉంది, కట్టిన సగం రాలేదు. పైగా పాన్, ఆధార్, ఓటీపీ ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టినట్టయింది, నాకు ఆయన గురించి ఉన్న టెన్షన్ అది.

అసలు కష్టం పాత బాకీలతోనే. నా కార్డు బాకీ చిన్నది, వడ్డీలూ ఫైన్లూ కలిసి పెరిగింది. ఫోన్ చేసి వడ్డీలో కొంత తగ్గించమని బతిమాలి, మిగతాది మొత్తం కట్టేసి క్లోజ్డ్ అని రాయించుకున్నాను. వాళ్ళు సెటిల్‌మెంట్ అన్నారు, ఇంకాస్త తక్కువకే అయిపోయేది, వద్దన్నాను. చిన్న బాకీ అయితే ఎలాగోలా సర్ది పూర్తిగా కట్టేయండి, సెటిల్డ్ అనే ముద్ర ఏళ్ళ తరబడి వెంటాడుతుంది, బ్యూరోలు సమాచారం కనీసం ఏడేళ్ళు దాచాలనే నియమం ఉంది.

పర్సనల్ లోన్ అలా కుదరలేదు. అసలు 1,38,000 మిగిలితే వడ్డీతో 2,61,000 చూపిస్తోంది, అప్పటికే దాన్ని ఒక ఏఆర్‌సీకి అమ్మేశారు, అంటే మొండి బాకీలు కొనే కంపెనీకి. వాళ్ళ తరఫున ఒకాయన రోజూ ఫోను.

"సార్, ఇవాళ సాయంత్రంలోపు పదివేలు కొట్టండి, ఫైలు ఆపిస్తాను."

"లెటర్ పంపించండి, కడతాను."

"లెటర్ కట్టాకే వస్తుంది సార్."

"అయితే నేను కట్టేది లెటర్ వచ్చాకే అండి."

ఈ నాలుగు ముక్కలు ప్రతిసారీ. ఎందుకంత పట్టుబట్టానో మన ఊళ్ళవాళ్ళకి సులువుగానే అర్థమవుతుంది. ప్రామిసరీ నోటుకి మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుందని, అందుకే అప్పిచ్చినాయన గడువులోపు వచ్చి ఓ వందో వెయ్యో తీసుకుని నోటు వెనక చెల్లు రాయించుకుంటాడని ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. తనఖా లేని బ్యాంకు అప్పుకీ దావా గడువు మామూలుగా మూడేళ్ళే, 1963 నాటి లిమిటేషన్ చట్టం. ఆ గడువులోపల కొంత కట్టినా, బాకీ ఉన్నానని రాసి సంతకం పెట్టినా అక్కణ్ణుంచి మళ్ళీ మూడేళ్ళు మొదలు. గడువు దాటాక కూడా, కడతానని రాసిచ్చి సంతకం పెడితే ఆ రాతని పట్టుకుని కోర్టుకి వెళ్ళొచ్చు. కాబట్టి ఏ ఒప్పందం లేకుండా ఫోన్లో అడిగారని విడిగా పదివేలు కొట్టడమంటే బాకీ తీరకపోగా గడువు మాత్రం కొత్తదవడం. అలాగని కాలదోషం పట్టింది కదా అని ఊరుకుంటే సరిపోతుందా అంటే సరిపోదు, దావాకే అడ్డు గానీ అప్పు పోదు, రిపోర్టులో రైటాఫ్ అలాగే కూర్చుంటుంది. తనఖా పెట్టిన అప్పులకి లెక్క వేరు, అవి ఉన్నవాళ్ళు లాయరు గారిని అడక్కుండా అడుగు వేయొద్దు.

చివరికి లెటర్ వచ్చింది. 95,000, మూడు వాయిదాలు. అందులో నేను చూసుకున్నవి: లోన్ నంబరు సరిగ్గా ఉందా, మొత్తం, తేదీలు స్పష్టంగా ఉన్నాయా, ఇదే ఆఖరి చెల్లింపు అనే మాట ఉందా, డబ్బు పడేది కంపెనీ ఖాతాలోనా లేక ఫోన్ చేసేవాడి యూపీఐలోనా. ఈ చివరిది చాలా ముఖ్యం, పక్కూళ్ళో ఒకాయన ఏజెంటుకి ఫోన్‌పే చేసి రసీదు లేక ఇప్పటికీ తిరుగుతున్నాడు. కట్టాక నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, స్కాన్ చేసి, అసలు కాగితం ఇంటి పట్టాతోపాటు బీరువాలో పెట్టాను.

ఫోన్ల గురించి ఒకమాట. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ 2022లో గట్టిగా చెప్పింది. చుట్టాలకి చేసి పరువు తీయడం, బెదిరించడం కుదరదు. మా ఆవిడ పుట్టింటికి ఫోన్ చేసినప్పుడు టైము, నంబరు రాసిపెట్టుకుని, కాల్ రికార్డు జతచేసి కంపెనీకి మెయిల్ పెడితే ఆ రోజుతో ఆగిపోయాయి. ఏడ్చుకుంటూ కూర్చోవద్దు, రాసి పెట్టండి. జాతీయ లోక్ అదాలత్‌కి రమ్మని బ్యాంకు నోటీసు వస్తే కూడా కంగారు పడొద్దు, నరసాపురం, భీమవరం కోర్టుల్లో జరుగుతుంటాయి, వడ్డీ బాగా తగ్గించి తేల్చుకున్నవాళ్ళని చూశాను. అక్కడ సంతకం పెట్టిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు లేదు. కాబట్టి కట్టగలిగిన మొత్తానికే ఒప్పుకోండి.

ఇప్పుడు ఎఫ్‌డీ కార్డు. రైటాఫ్ ఉన్నవాడికి మామూలు కార్డు ఎవరూ ఇవ్వరు. ఎఫ్‌డీ మీద అయితే ఇస్తారు, జీతం స్లిప్పు కూడా అడగరు, ఎందుకంటే మనం కట్టకపోతే ఎఫ్‌డీలోంచి పట్టుకుంటారు. నేను 25,000 వేశాను, దాని మీద లియన్ పెట్టి, అంటే మనం తీసుకోకుండా బిగించి, 20,000 లిమిట్ ఇచ్చారు. ఎఫ్‌డీ వడ్డీ మనకి వస్తూనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త, ఇది బ్యాంకులో ఎవరూ చెప్పరు: పాత బాకీ ఉన్న బ్యాంకులోనే ఎఫ్‌డీ వేయకండి. ఆ డబ్బుని పాత బాకీకి జమ కట్టుకునే హక్కు బ్యాంకుకి ఉంటుంది. ఏ బాకీ లేని బ్యాంకుకి వెళ్ళండి.

వాడకం చాలా మామూలుగా పెట్టాను. కరెంటు బిల్లు, గ్యాస్, ఫోన్ రీచార్జ్, అంతే, ఎప్పుడూ లిమిట్‌లో మూడోవంతు దాటనివ్వలేదు. బిల్లు మొత్తం సేవింగ్స్ ఖాతా నుంచి ఆటోపేలో పోతుంది. మినిమమ్ డ్యూ, అంటే ఇప్పటికి ఇంత కడితే చాలు అనే లైను జోలికి వెళ్ళకండి, చాలా కార్డులకి వడ్డీ నెలకి నూటికి మూడు రూపాయల పైనే, మన ఊళ్ళో కరకు వడ్డీవాడు కూడా అంత తీసుకోవడానికి జంకుతాడు. ఎఫ్‌డీ ఉంది కదా, ఒక నెల ఆలస్యమైతే ఏముందిలే అనుకోవద్దు, గడువు దాటి మూడు రోజులు మించితే ఆలస్యం రిపోర్టుకెక్కుతుంది. ఒక మార్కు తగ్గించింది దీనికే: ఉన్న 25,000 కట్టేసి కూర్చోవాలి, లియన్ తీసేదాకా ముట్టుకోలేం, ఇంట్లో ఆసుపత్రి ఖర్చు వచ్చినప్పుడు అది బాగా గుచ్చుకుంది. అత్యవసరానికి వేరే డబ్బు లేనివాళ్ళు తొందరపడొద్దు. ఐదువేలకో పదివేలకో ఇచ్చే బ్యాంకులున్నాయి, అక్కడ మొదలుపెట్టండి. స్కోరుకి కావలసింది లిమిట్ పెద్దదవడం కాదు, నెలనెలా 000 పడటం.

2025 జనవరి నుంచి సంస్థలు కనీసం పదిహేను రోజులకోసారి బ్యూరోలకి సమాచారం పంపాలనే నియమం వచ్చింది, కాబట్టి కట్టింది ఎక్కడానికి ముందంత ఆలస్యం లేదు. బైకు ఎంట్రీ సరిచేయకముందు 541 ఉండేది, ఇప్పుడు 688. ఇందులో కార్డు వల్ల ఎంత, బాకీలు తేలడం వల్ల ఎంత అని విడదీయలేను గానీ, రైటాఫ్ అలాగే ఉంచి కార్డు ఒక్కటే వాడిన మా కొలీగ్ స్కోరు పెద్దగా కదల్లేదు. రెండూ కలిసి నడవాలి.

ఇంటి లోనుకి మొన్న అడిగితే మేనేజరు గారు ఫైలు చూసి, "మిగతావన్నీ బాగున్నాయండి, ఈ సెటిల్డ్ ఒక్కటే అడ్డం" అన్నారు. సెటిల్‌మెంట్ చేసిన సంస్థ మళ్ళీ మనకి అప్పివ్వాలంటే, వ్యవసాయ అప్పులు కాకపోతే, కనీసం 12 నెలలు ఆగాలని ఆర్‌బీఐ 2023లో పెట్టింది. మిగతా బ్యాంకులు ఎంత ఆగాలో వాళ్ళ వాళ్ళ ఇష్టం. వదిలేసిన వడ్డీ పక్కన పెట్టి, అసలులో మిగిలిన 43,000 కడితే సెటిల్డ్‌ని క్లోజ్డ్‌గా మారుస్తారా అని ఏఆర్‌సీకి రాశాను. అలా మార్చే సంస్థలు ఉన్నాయి. ఫోన్లో అయితే సరేనన్నారు, కట్టేయమన్నారు. లెటర్ ఇంకా రాలేదు, నేనూ కట్టలేదు.